ఒక్క పన్ను రంగు

తొంభైల చివర్లో నా ముందు పన్ను ఒకటి పోయింది. నకిరేకల్ దగ్గర మా ఊళ్లో బోరింగు కొడుతుంటే పిడి చేజారి మూతికి తగిలింది. అప్పటికి నేను పక్క ఊరి బడిలో టీచర్ని. హైదరాబాదులో ఒక పళ్ల డాక్టరు దవడ ఎముకలో చిన్న స్క్రూ బిగించి, అది ఎముకకు అతుక్కునే దాకా ఆగాలన్నాడు. ఆ నెలలన్నీ నోటికి కొంగు అడ్డం పెట్టుకునే పాఠాలు చెప్పాను. బోర్డు మీద రాస్తున్నంతసేపే నిమ్మళంగా ఉండేది. పిల్లల వైపు తిరగ్గానే మళ్లీ గుబులు.

ఎముక గట్టిపడ్డాక డాక్టరు పిలిచాడు. అసలు పన్ను పెట్టే ముందు కొన్నాళ్లు తాత్కాలికంగా ఒకటి పెడతానన్నాడు. మా నాన్న, బాపు కూడా తోడు వచ్చాడు. మా నీళ్లలోని ఫ్లోరైడ్ ఆయన నడుమునూ మెడనూ బిగించేసింది. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. నన్ను పళ్ల మీద గోధుమరంగు చారలతో వదిలేసింది.

డాక్టరు పెన్నులాంటి కెమెరా నా నోట్లో పెట్టాడు. పక్కనున్న కంప్యూటర్ తెర మీద నా పళ్లు అరచేతులంత పెద్దవై కనబడ్డాయి. ప్రతి చారా, ప్రతి గుంటా. లేచి వెళ్లిపోదామనిపించింది. ఆయన మౌస్ కదిలించి, ఆ సందులో తెల్లటి పన్ను నిలిపాడు. తర్వాత దాని మీద చారలు గీశాడు.

"ఏది కావాలమ్మా? ఇది కొన్నాళ్లకే. నచ్చకపోతే అసలుది పెట్టేటప్పుడు మార్చుకోవచ్చు."

నేను నోరు విప్పకముందే బాపు అందుకున్నాడు. "తెల్లదే పెట్టుర్రి సార్. మా నీళ్లు తాగి అన్నీ గిట్లయినయి. ఒక్కటన్న మంచిగుండనీ."

తెర మీద తెల్ల పన్ను తప్ప ఇంకేదీ కనబడడం లేదు. "అందరు దాన్నే చూస్తరు బాపూ. చారలదే పెట్టించుకుంట."

"కొత్తది గూడ గారదేనా బిడ్డా?"

నేను డాక్టరుకు చారలదే చూపించాను. ఆ బొమ్మ చూసుకుంటూ ల్యాబులో ప్లాస్టిక్ పన్ను చేసి, చారలు దిద్ది, సాయంత్రానికి తెచ్చి బిగించారు. తిరుగు బస్సులో బాపు కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు. నేను పర్సులోంచి అద్దం తీయడం, పెట్టడం, మళ్లీ తీయడం. ఆయన మాట వినాల్సిందేమో.

తెల్లారి అరుగు మీద కూర్చుని, "ఏదీ, చూపెట్టు," అన్నాడు. వెలుతురుకు అనువుగా మొత్తం తిరిగి, చాలాసేపు చూశాడు.

"ఏది పెట్టిండు?"

వేలు పెట్టి చూపించాను.

"అది గాదు, పక్కది గదా?"

ఇద్దరం వాదించుకున్నాం. ఉన్నట్టుండి ఆయన నవ్వేశాడు. ఆ రోజు నుంచి మా ఇంటికి ఎవరొచ్చినా అదే పరీక్ష: "మా బిడ్డ నోట్ల పెట్టుడు పన్ను ఏదో చెప్పుర్రి!" సిగ్గుతో నాకు కాలు ఒక్కచోట నిలిచేది కాదు. అయినా నోరు తెరిచేదాన్ని. చాలామంది నా సొంత పన్నునే చూపించి వెళ్లేవారు.