గట్టు మీద వెలసిన అమ్మవారు

మా మాదిగవాడ ఆడవాళ్ల సంఘానికి ప్రభుత్వం భూమి ఇచ్చిందని అంటారు. ఇచ్చింది రాళ్లు. వాటి కింద కాస్త మట్టి ఉందని కనిపెట్టింది మా అమ్మావాళ్లే. కంబదూరు ఎండలో ఆ రాళ్లన్నీ ఏరి, శెనక్కాయ వేసి, పండిన ఏట కాయలు పంచుకున్నారు, పండని ఏట తిట్లు పంచుకున్నారు. భూమి అందరిదీ కలిపి. ఏ ఒక్కరూ తమ వాటా అమ్మడానికి లేదని అందరూ కూర్చుని కట్టుబాటు చేసుకున్నారు. ఆ కట్టుబాటంటే మా నాయనకు ఒళ్లు మంట. ఆయన్ను దృష్టిలో పెట్టుకునే చేశారు మరి.

పక్క చేను ఊరి పెద్దాసామిది. మా భూమి కొనడానికి వీల్లేదు కాబట్టి ఆయన దున్నడం మొదలుపెట్టాడు. ప్రతి దుక్కికీ ఆయన ట్రాక్టరు గట్టును ఒక సాలు మావైపు జరిపేది. అడిగితే, "వానకు కొట్టుకపోయింటాది లేమ్మే" అనేవాడు. గట్టు కొట్టుకుపోయేంత వాన మా సీమలో పడితే, మేమే పోయి ఆయన కాళ్లకు మొక్కేవాళ్లం.

అర్జీలు పెట్టి పెట్టి విసిగిపోయిన అమ్మ ఒక మంగళవారం హద్దురాయికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, వెండి కళ్లు అతికించింది. వేపమండలు కట్టి, కోడిని కోసింది. కూర బాగుంది. మర్నాటి నుంచి ట్రాక్టరు రాయికి బారెడు దూరంలోనే ఆగేది. డ్రైవరు దిగి, చెప్పులు విప్పి, దణ్ణం పెట్టి మరీ వెనక్కి తిప్పేవాడు. ఆఫీసులు చేయలేని పని పావలా కుంకుమ చేసిందని సంఘమంతా పడీ పడీ నవ్వింది.

ఆ ఏడు అదునుకు వాన పడింది. పెద్దాసామికి మనవడు పుట్టాడు. ఇంకేముంది, అమ్మవారు సత్యమైనదని ఊరు ఊరంతా మా చేలో దిగింది. మొలకలు తొక్కుతూ టెంకాయలు కొట్టారు. ఒకరోజు పెద్దాసామే వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

"గుడి కట్టిస్తాం. గుడికి, జాతర జరిపేదానికి ఈ జాగా ఇడవాల. కమిటీ గూడా ఏసినాం."

"మరి మేము, సామీ?" అని అడిగింది అమ్మ.

"మీరు బయట నిలబడి మొక్కుకుందురు లేమ్మే. యానాడైనా ఆడనుంచే గదా" అన్నాడు, ఎంతో దయగా.

కొరివితో తల గోక్కున్నాం. ట్రాక్టరు సాలు సాలుగా తింటుంటే, మేం పెట్టిన దేవత చేను మొత్తం ఒక్కసారే మింగేట్టుంది. మా ఇళ్లన్నిటికీ కలిపి ఉన్నది ఆ ఒక్క చేనే.

అమ్మ ఆలోచించుకుంటామని చెప్పి పంపేసింది. తెల్లారగానే సంఘం ఆడవాళ్లు గడ్డపారలతో రాయిని పెకలించారు. కొత్త రవికగుడ్డ చుట్టి, నెత్తిన పెట్టుకుని, డప్పులతో ఊరేగించి పెద్దాసామి వాకిట్లో దించారు.

"రాత్రి కల్లోకి వచ్చింది సామీ," అంది అమ్మ. "ఈ ఎండకు ఆడ ఉండలేనంటాంది. పెద్దింటికే పోతానంటాంది."

దేవతే తన ఇల్లు వెతుక్కుని వస్తే వద్దనే ఆసామి మా సీమలో ఇంకా పుట్టలేదు. ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అమ్మవారు నిలిచిన గట్టు మీద నాగలి పెట్టగూడదని ఊరికంతా ఆయనే చాటించాడు. అదే గుంతలో మేం మరో రాయి పాతి, ఈసారి సున్నం మాత్రం పూశాం. ఆ తర్వాత గట్టు జరగలేదు.

గుడి ఆయన వాకిట్లోనే లేచింది. పోయిన జాతరకు అమ్మా నేనూ చూడ్డానికి పోయాం. గడప దగ్గర పెద్దాసామి భార్య చేయి అడ్డం పెట్టింది.

"ఆడనే నిలబడండి. మీరు అమ్మవార్ని ముట్టుకోగూడదు."

అమ్మ లోపలికి తొంగి చూసింది. "అట్లనే కానీ తల్లీ. మేము ముట్టుకోకుండానే ఆయమ్మ నడుచుకుంటా వచ్చిందా ఈడికి?"

ఆమె అడ్డం పెట్టిన చేయి తీయలేదు. మేం టెంకాయ కొట్టకుండానే తిరిగొచ్చాం. దారంతా నేను తిడుతూనే ఉన్నాను. అమ్మ మాత్రం చేలోకి దిగి కలుపు తీయడం మొదలుపెట్టింది.