నాయనకు చదివి వినిపించిన ఫతేపూర్ సిక్రీ

మా నాయనకు అక్షరం ముక్క రాదు, కానీ రాజుల కథలంటే చెవి కోసుకునేవాడు. రొద్దం పక్కన మా పల్లె. పెనుకొండ కోటను చూస్తూ పెరిగినవాడు కాబట్టి రాజులంతా తన మేనమామలే అన్నట్టు మాట్లాడేవాడు. సాయంత్రం ఆయన తాడు పేనుతుంటే నేను చరిత్ర పుస్తకం పైకి చదవాలి.

అరవైల మొదట్లో ఒక ఎండాకాలం మా బావి అడుగంటింది. ఇంకా తవ్వడమా, పొలం వదిలి హిందూపురంలో పెదనాయన దగ్గరికి పోవడమా అని నాయన నలిగిపోతున్నాడు. పోతే నా చదువు అంతటితో సరి. కన్నకూతుళ్ళనే బడికి పంపని పెదనాయన నన్ను పంపుతాడా?

ఆ రోజు పాఠం ఫతేపూర్ సిక్రీ. ఆగ్రా దగ్గర ఒక బాదుషా ఎర్రరాతితో రాజధాని కట్టించాడు. పట్టుమని ఇరవై ఏండ్లు కాకముందే, నీళ్ళు చాలక దాన్ని వదిలేసి పోయాడని పుస్తకంలో ఉంది. “నీళ్ళు చాలక” అనేసరికి నాయన చేతిలో తాడు ఆగింది.

“చాలకుంటే ఏం చేసినాడు పాపా?”

నేను తల ఎత్తలేదు. “మిక్కిలి లోతుగా త్రవ్వించెను. జలము పడెను. బాదుషా అచ్చటనే సుఖముగా నుండెను” అని పుస్తకం భాషలోనే అల్లి చదివాను. గొంతు కూడా వణకలేదు, పాడు గొంతు.

“బుక్కులోనే రాసిండాది కదా!” అని నాయన లేచాడు. మర్నాడే బావిలోకి దిగాడు.

పదో రోజు ఒడ్డు విరిగి ఆయన మీద పడింది. మనిషి దక్కాడు, నడుము దక్కలేదు. బండిలో పడుకోబెట్టుకుని హిందూపురమే చేరాం. “బాగా చదివే పిల్ల, మాన్పించొద్దన్నా” అని నాయన మంచంలోంచే పెదనాయనను బతిమాలి నన్ను బడికి పంపాడు. ఆ సిగ్గు నన్ను ఇప్పటికీ వదల్లేదు. పట్టపగలు వంట చేస్తుంటే కూడా మట్టి జారిన చప్పుడు వినబడి ఉలిక్కిపడతాను.

చూడవచ్చిన వాళ్ళతో నాయన, “ఆ బాదుషా మొండోడప్పా. తవ్వి తవ్వి నీళ్ళు తెచ్చుకున్యాడు. నేనే ఇంగో మనిషి నిలువు లోతు దిగలేకపోతి” అనేవాడు. నిజం చెప్పాలని ఎన్నిసార్లు మంచం దాకా వెళ్ళానో లెక్కలేదు. వెళ్ళిన ప్రతిసారీ దుప్పటి సర్ది వచ్చేసేదాన్ని.

నాయన ప్రాణం పోయే ముందు రోజు నన్ను పిలిచి, ఆ పాఠం ఇంగోసారి చదవమన్నాడు. ఆ పుస్తకం ఎప్పుడో చినిగిపోయింది. చేతికందిన మరో పుస్తకం తెరిచి పట్టుకుని, బాదుషాకు మళ్ళీ నీళ్ళు పడేలా చదివాను.