స్టార్ట్ కాని రోజు

మా నాన్నకీ మాకూ మధ్య ఒక ఒప్పందం ఉండేది. "తాళం తిప్పగానే ఈ బండి స్టార్ట్ కాని రోజున, ఆ తాళం తీసి నీ చేతిలో పెట్టేస్తాను. అప్పటిదాకా నన్ను కారు తోలొద్దని ఇంట్లో ఎవరూ అనకూడదు" అన్నాడు. ఎనభైకి దగ్గర పడిన మనిషి. రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. ఇంక డ్రైవింగ్ తగ్గించుకోమని డాక్టరు చెబితే, "ఆయనకి అసలు కారు తోలడం వచ్చా?" అని నన్నే అడిగాడు. అలాంటి మనిషి నోటివెంట ఈ మాత్రం మాటైనా వచ్చిందని నేను వెంటనే ఒప్పేసుకున్నాను. బండి వాలకం చూస్తే మరో వర్షాకాలం దాటేలా లేదు మరి.

అమ్మ వంటింట్లోంచి నవ్వింది. "పిచ్చిదానా, ఈ ఇంట్లో ఆయన చెప్పింది మారుమాట్లాడకుండా వింటున్నది అదొక్కటే. అది ఆగుతుందా?" అంది.

ఒకప్పుడు డాక్టర్ల ఇళ్ళ ముందూ ఆఫీసర్ల ఇళ్ళ ముందూ కనపడే గుండ్రటి తెల్లకారే మాదీ. నాన్నకి బందరులో ఎరువుల కొట్టు ఉండేది. పమిడిముక్కల నుంచి నాగాయలంక దాకా ఆయన తిరగని ఊరు లేదు. ఆ తిరుగుడు కోసం ఊళ్ళో ఒక డాక్టరు గారి దగ్గర ఆ కారు పాతది కొన్నాడు. దాని పెట్రోలు ఇంజన్ తాగే తాగుడు చూసి హడలిపోయి, గుడివాడ తీసుకెళ్ళి, లారీలు బాగుచేసే ఒక షెడ్డులో దాన్ని పీకించేసి డీజిల్ ఇంజన్ పెట్టించాడు. "బాడీ బందరుది, గుండె గుడివాడది" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు.

ఆ మాటే నిజమై కూర్చుంది. బందరు ఉప్పుగాలి ఆ రేకుని తీరిగ్గా తింటూ పోయింది. ముందు తలుపుల అంచులు, తరవాత డిక్కీ, ఆ తరవాత వెనకసీటు ముందు కాళ్ళు పెట్టుకునే చోటు. అక్కడ పడిన కంతలోంచి కింద పరిగెత్తే రోడ్డు చూసుకుంటూ నేను మంగినపూడి వెళ్ళేదాన్ని. కార్తీకమాసంలో సముద్రస్నానం చేసి వస్తుంటే, మా తడిబట్టల నీళ్ళన్నీ ఆ కంతలోంచే కారిపోయేవి. "చూశావా, ఏ కారుకైనా ఇలాంటి ఏర్పాటు ఉందా?" అనేవాడు నాన్న.

తొలకరికి ముందు ఏటా ఒక తంతు జరిగేది. ఇంజన్లోంచి తీసిన నల్లటి పాత ఆయిలు ఒక డబ్బాలో దాచి ఉంచేవాడు. అందులో కొబ్బరిపీచు ముంచి, బండి కింద దూరి, అడుగంతా పూసేవాడు. ఉప్పుగాలికి మా వైపు చేసుకునే వైద్యం అది. ఆ రోజుతో ఒక లుంగీ నాశనం. అమ్మ దాన్ని పుల్లతో ఎత్తి పెరట్లో పారేసేది. నాకిప్పటికీ వర్షాకాలం అంటే ముందు గుర్తొచ్చేది ఆ ఆయిలు కంపే. తొలివానకి మట్టివాసన, మట్టివాసన అని మురిసిపోయి రాసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళింట్లో కారు ఉండి ఉండదు.

రేకు సంగతి అదైతే, ఇంజన్ సంగతి వేరు. పొద్దున్నే తాళం సగం తిప్పి, లోపల హీటరు వేడెక్కేదాకా కాసేపు ఆగాలి. ఆ ఆగినంతసేపూ నాన్న కళ్ళు మూసుకునేవాడు. దణ్ణం పెట్టుకుంటున్నాడని నేను చాలాకాలం నమ్మాను. తరవాత తాళం పూర్తిగా తిప్పితే, ఒక్కసారి ఒళ్ళు విదిలించుకుని అందుకునేది. అద్దాలు గలగలమనేవి, తలుపులు వణికేవి, పక్కింటి కుక్క లేచి దూరంగా వెళ్ళి పడుకునేది. సాయంత్రం వీధి మలుపులో ఆ చప్పుడు వినపడగానే అమ్మ కాఫీకి పాలు పెట్టేది. నేను వారపత్రిక దిండు కింద దోపేసి లెక్కల పుస్తకం తీసేదాన్ని.

దానికేదైనా తేడా వస్తే ముందే చప్పుడు మారేది. ఉయ్యూరు దాటాకో, చల్లపల్లి రాకముందో నాన్న ఉన్నట్టుండి మమ్మల్ని మాట్లాడొద్దని చెయ్యెత్తేవాడు. చెవి పెట్టి విని, "బెల్టు వదులైంది" అని చెట్టు నీడన ఆపి బిగించేవాడు. మాకు అలకగా ఉండేది. మాటమధ్యలో మా నోరు మూయించి ఇంజన్ని మాట్లాడనిచ్చే తండ్రి ఇంకెవరికైనా ఉంటాడా? ఏడాదికోసారి గుడివాడ షెడ్డుకి తీసుకెళ్తే, అక్కడి మెకానిక్ మావయ్య బానెట్ ఎత్తి కాసేపు విని, "దీనికేం కాదు బావా. మనం ఉండాలంతే" అని మూసేసేవాడు. ఆ మావయ్య పోయాడు. ఇంజన్ మాత్రం పోలేదు.

నేను బందరులోనే కాలేజీలో పాఠాలు చెబుతాను. కొన్నేళ్ళ కిందట కొత్త కారు కొన్నాను. ఇంటికి తెచ్చిన రోజున కొబ్బరికాయ కొట్టడం అయ్యాక నాన్న బానెట్ ఎత్తమన్నాడు. ఎత్తాను. లోపలంతా నల్లటి ప్లాస్టిక్ మూత.

"ఇంజనేదీ?"

"దాని కిందుంది నాన్నా."

"మూత తియ్యి."

"మనం తీయకూడదు. వారంటీ పోతుందట."

పెళ్ళిచూపుల్లో పిల్ల మొహం చూడకుండానే తాంబూలాలు పుచ్చేసుకున్నామన్నట్టు చూశాడు నన్ను. తలుపు వేసి, తీసి, మళ్ళీ వేసి, "బిస్కెట్ డబ్బా మూతలా ఉంది" అన్నాడు. బంపర్ని బొటనవేలితో నొక్కాడు. అది లోపలికి పోయి మళ్ళీ పైకొచ్చింది. లోపలికెళ్ళి పేపరు చదువుకున్నాడు.

నేను ఊరుకునే రకం కాదు. వెనకాలే వెళ్ళి, గుద్దుకుంటే అది నలగడానికే అలా చేస్తారనీ, అది నలిగితే మనం నలగమనీ, గాలిబుడగలు వచ్చి కాపాడతాయనీ, నీ బండి దేనికైనా గుద్దితే స్టీరింగ్ వచ్చి గుండెలో దిగుతుందనీ అరిచాను. అందులో ఒక్కటీ అబద్ధం కాదు.

"నేను గుద్దితే కదా" అన్నాడు పేపర్లోంచి తల ఎత్తకుండా.

పైకి అంత అరిచానుగానీ, నాకూ ఒక దిగులు ఉండేది. నా కారు స్టార్టయిందో లేదో ఒక్కోసారి నాకే తెలిసేది కాదు. సాయంత్రం నేను గేటు తీసుకుని వచ్చి చెప్పులు విప్పితేగానీ వచ్చానని అమ్మకి తెలిసేది కాదు. నా కోసం పాలు పొయ్యి మీదికి ఎక్కేవి కావు. డాష్‌బోర్డు మీద పసుపుపచ్చటి ఇంజన్ బొమ్మ వెలిగితే ఏమైందో చెవికి తెలీదు, చేతికి తెలీదు. విజయవాడ తీసుకెళ్ళాలి. అక్కడొక కుర్రాడు లాప్‌టాప్ తగిలించి "సెన్సార్ అండీ" అంటాడు. ఏమడిగినా సెన్సారే.

నిరుడు మినుముల కాలంలో నాగాయలంకలో మా పిన్ని మనవరాలి ఓణీల పండగ వచ్చింది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎండ పడదు. అందుకని నా కారులోనే బయల్దేరాం. నాన్న ముందు సీట్లో, బస్సులో చోటు దొరకనివాడిలా ముడుచుకుని కూర్చున్నాడు. పులిగడ్డ వంతెన దిగి, అవనిగడ్డ దాటగానే రోడ్డు మీద మినుములు మొదలయ్యాయి.

దివిసీమలో ఇది ఏటా ఉండేదే. వరి కోసిన చేలో పండిన మినుముని మొక్కలతో సహా పీకి, ఎండబెట్టి, తారురోడ్డు మీద మందంగా పరుస్తారు. వచ్చేపోయే బండ్ల చక్రాలే నూర్చి పెడతాయి. తెలిసినవాళ్ళెవరూ దాన్ని తప్పించుకుని పోరు, నెమ్మదిగా మీదుగానే పోతారు. నాన్నయితే ఇంకో మెట్టు ఎక్కువ. ముందుకీ వెనక్కీ తొక్కించి, కాయలన్నీ పగిలాయని నమ్మకం కుదిరాకే చెయ్యూపి కదిలేవాడు. వాళ్ళలో సగంమంది ఆయన దగ్గర ఎరువులు కొన్నవాళ్ళే. చిన్నప్పుడు ఆ కంతలోంచి మినపకాయలు చిటపటమని విచ్చుకోవడం చూస్తుంటే నాకు భలే ఉండేది.

కొంగు తలకి చుట్టుకున్న ఒకావిడ రోడ్డు మధ్యకొచ్చి చెయ్యెత్తింది. లోపలికి చూసి నాన్నని గుర్తుపట్టింది. "బాబాయ్ గారూ, మీరా! కారు మార్చారే! కాస్త అటూ ఇటూ తిప్పించి పోండి, పుణ్యముంటుంది" అంది.

నాన్న నా వైపు తిరిగాడు. నా కారులో ఎక్కాక ఆయన మొహం అంత వెలగడం అదే మొదలు. "తిప్పవే" అన్నాడు.

తిప్పాను. ఎందుకు తిప్పనూ? బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ రోడ్డు మీద మేం చేసింది అదే. అయితే ఆ పాత కారు నేలకి బాగా ఎత్తులో నిలబడేది. ఇదేమో పొట్ట నేలకి ఆనించుకుని పోయే జాతి. ఎండిన మొక్కలన్నీ పైకి లేచి, అడుగున దూరి, వేడెక్కిన సైలెన్సర్ చుట్టూ గూడు కట్టుకున్నాయి. అది మాకు తెలీదు. ఆవిడ దీవించింది, మేం సంతోషంగా కదిలాం.

కొంచెం దూరం పోయాక అమ్మ, "ఎవరో మినపప్పు మాడ్చేస్తున్నారు" అంది. అంతలోనే డాష్‌బోర్డు మీద ఉన్న బొమ్మలన్నీ ఒక్కసారి వెలిగాయి. తరవాత పొగ. నేను బండి పక్కకి లాగి ఆపాను. నాన్న దిగి, పండక్కని కట్టుకున్న జరీపంచెతోనే రోడ్డు మీద పడుకుని, ఉత్తచేతుల్తో ఆ కంప లాగడం మొదలెట్టాడు. ఇందాకటి ఆవిడా వాళ్ళూ పరిగెత్తుకుంటూ వచ్చి కాలవ నీళ్ళు బిందెల్తో కొట్టారు. మంట లేవలేదు. కానీ లోపల వైర్లేవో మాడిపోయి కారు మరి పలకలేదు. దాన్ని లారీ ఎక్కించి విజయవాడ పంపి, మేం ఆటోలో పండక్కి వెళ్ళాం. నాన్న పంచె చూసి పిన్ని, "ఏం బావగారూ, దారిలో మినుము పీకి వచ్చారా?" అంది. అందరూ నవ్వారు. అందరికంటే నాన్నే ఎక్కువ నవ్వాడు.

ఏదో పార్టు రావాలంటూ నా కారుని వారాల తరబడి అక్కడే ఉంచేశారు. ఆ రోజులన్నీ నాన్నే నన్ను కాలేజీకి దింపాడు. యాభై దాటి, జుట్టుకి రంగేసుకునే నేను, కాలేజీ గేటు దగ్గర నాన్న దింపితే దిగేదాన్ని. ఆ బండి ఎడమవైపు తలుపు లోపల్నుంచి తెరుచుకోదు. ఆయనే దిగి, చుట్టూ తిరిగి వచ్చి, బయట్నుంచి తీయాలి. నేను బడికి పోయే రోజుల్నుంచీ అంతే. స్టూడెంట్లు చూసి నవ్వేవాళ్ళు. నవ్వుకోనీ. నాకు ఆ రోజులు ఎంత బాగున్నాయో చెప్పలేను. డీజిలు వాసన, సీటు కింద స్ప్రింగు గుచ్చడం, మలుపు దగ్గర కిటికీలోంచి బయటికి చాచిన ఆయన చెయ్యి. ఒప్పందం మాట నేను ఎత్తలేదు. అది స్టార్ట్ కాని రోజు రాకూడదని అప్పుడే మొదటిసారి అనుకున్నాను.

ఒకరోజు కోనేరు సెంటర్ దగ్గర నేను ఫోన్లో ఎవరికో జవాబు రాస్తున్నాను. బండి ఒక్క కుదుపుతో ఆగింది. తలెత్తితే, నెత్తిన సత్తు బేసిన్లో చేపలు పెట్టుకున్న ఒకావిడ బానెట్‌కి ఆనుకున్నంత దగ్గరగా రోడ్డు దాటుతోంది. మా వైపు చూడను కూడా లేదు, తన దారిన తను పోయింది. "బ్రేకు కొంచెం గట్టిగా పట్టింది" అన్నాడు నాన్న. సరేనని మళ్ళీ ఫోన్లోకి తల దూర్చాను. కాలేజీ దగ్గర ఆయన దిగి వచ్చి తలుపు తీయడం మాత్రం కాస్త ఆలస్యమైంది.

మర్నాడు పొద్దున నేను తయారై బయటికొచ్చేసరికి నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో తాళం.

"స్టార్ట్ కాలేదమ్మా" అన్నాడు. "చాలాసేపు చూశాను. అయిపోయింది. ఇదిగో, మాటంటే మాటే."

నాకు ఏ చప్పుడూ వినపడలేదు. స్నానం చేస్తున్నాను కదా, వినపడి ఉండదులే అనుకున్నాను. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన రోజు. తీరా వస్తే ఏడుపొచ్చింది. గుడివాడ ఫోను చేస్తానన్నాను, వద్దన్నాడు. బ్యాటరీ అయ్యుంటుందన్నాను. "వద్దని చెప్పానా" అని కసిరాడు. అమ్మ కాఫీ తెచ్చి ఆయన పక్కన పెట్టి, తనూ అక్కడే కూర్చుంది. పొద్దున్నపూట అమ్మ అలా తీరిగ్గా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

నా కారు వచ్చేసింది. పాతది గోడవార ఉండిపోయింది. ఎండలు ముదిరాయి, తగ్గాయి, ఆకాశం నల్లబడింది. నాన్న ఆయిలు డబ్బా తీయలేదు. ఆ సంగతి నాకు రోజూ గుచ్చుతూనే ఉంది. నడవని బండైతే మాత్రం, తుప్పుకి వదిలేస్తామా? ఒక ఆదివారం నేనే పాత చీర కట్టుకుని, డబ్బా, కొబ్బరిపీచు పట్టుకుని వెళ్ళాను. బండిని గోడ నుంచి కాస్త ముందుకి జరిపితేగానీ కింద దూరలేను. నెట్టడానికి పక్కింటివాళ్ళని పిలుద్దామనుకుంటూనే, లోపల కూర్చుని తాళం పెట్టి సగం తిప్పాను. హీటరు కోసం ఆగాను. కళ్ళు మూసుకున్నాను. పూర్తిగా తిప్పాను.

అందుకుంది. మొదటి తిప్పుకే.

అద్దాలు గలగలలాడుతున్నాయి. నాన్న గుమ్మంలోకి వచ్చాడు. నన్ను చూశాడు, బండిని చూశాడు. నెమ్మదిగా మెట్లు దిగి వచ్చి, వణుకుతున్న బానెట్ మీద చెయ్యి వేశాడు.

"ఆ రోజు చేపలావిడ నాకు కనపడలేదమ్మా" అన్నాడు. "బేసిన్ మీద ఎండపడి మెరిస్తే బ్రేకు తొక్కాను. లేకపోతే..."

"ఆ మాటే చెప్పచ్చుగా నాన్నా. పాపం, దాని మీదెందుకు పెట్టావు?"

"నోరు రాలేదు" అన్నాడు. "అదైతే ఏమీ అనుకోదులే అని..."

లోపల పాలగిన్నె చప్పుడైంది. నేను ఇంజన్ ఆపలేదు. కిందకి దిగి, చుట్టూ తిరిగి వెళ్ళి, ఎడమవైపు తలుపు తీసి పట్టుకున్నాను. నాన్న కాసేపు ఆ ఖాళీ సీటు వంక చూశాడు. తరవాత పంచె సర్దుకుని, ఎక్కి కూర్చున్నాడు.