కిష్టయ్య డిస్కు

అశోక్ చౌక్ దగ్గర దత్తాత్రి సేఠ్ నడిపే నక్షాల (నేత డిజైన్ల) ఆఫీసులో లలిత చేరిన మొదటి వారం సంగతి ఇది. తొంభై ఆరో సంవత్సరం. అంతకుముందు ఆమె బీడీలు చుట్టేది. చద్దర్లకు పూలు, పక్షులు కంప్యూటర్లో గీసే అన్న కిష్టయ్య గుండె ఆగి పోయాడు. పదో రోజు కాగానే ఆ కుర్చీ తనకిమ్మని అడిగింది. అన్న సగంలో వదిలిన నెమలిని శనివారానికి పూర్తి చేస్తే ఉంచుకుంటానన్నాడు సేఠ్. లేకపోతే మళ్లీ బీడీలే.

అక్కడి మూడు మిషన్లలో దేనికీ సొంత డిస్కు లేదు. అక్కడ మిషన్లు చూసుకునే నేను మూలనున్న సర్వర్ డిస్కులోంచి తలా ఒక ముక్క ఇచ్చేవాణ్ణి. ఎవరి ముక్క వాళ్ల మిషన్లో సొంత డిస్కులాగే కనబడేది. బీకాం వదిలేసిన నాకు వచ్చిన పని అదొక్కటే. కిష్టయ్య ముక్కను లలితకిచ్చిన వేరే మిషన్‌కు కలిపాను. అతని మిషన్ను మాత్రం వాళ్ల నాన్న రాజారాం ముట్టనివ్వలేదు.

"మగ్గమైతేంది, మిషనైతేంది. మాసికం దాకా పోయినోని మగ్గం ముట్టద్దు."

తెర ఆర్పి చద్దర్ కప్పాం.

లలిత పగలంతా నెమలికి తోక గీసేది. పొద్దున వచ్చి చూస్తే తోక ఉండేది కాదు. అన్న వదిలినట్టే సగం మెడతో పక్షి నిలబడి ఉండేది. మూడు రోజులు ఇదే వరస. పక్కన గీసే సుశీల తన కుర్చీని దూరం జరుపుకుంది.

"మీ అన్నకు నీ గీత నచ్చుతలేదే లలితా."

"బతికున్నప్పుడు మాత్రం నచ్చిందా? గీసుడు నేర్పేటప్పుడు స్కేలుతోని కొట్టేటోడు," అంది లలిత. నవ్వలేదు.

శుక్రవారం మధ్యాహ్నం చద్దర్ కింద చెయ్యి పెట్టాను. కిష్టయ్య మిషన్ డబ్బా వెచ్చగా ఉంది. మేం ఆర్పింది తెరనే. బ్యాటరీలున్నాయి కాబట్టి కరెంటు పోయినా మిషన్ ఆగలేదు. రోజూ ఆఫీసు మూశాక అది దానంతటదే తన దగ్గరున్న పాత నక్షాను డిస్కు మీద మళ్లీ రాస్తోంది. ఒకే ముక్కను రెండు మిషన్లకు తగిలించింది నేనే. లలితకు అంతా చెప్పాను.

ఆమె చద్దర్ తీసి తెర వెలిగించింది. నెమలి మెడ దగ్గర గీసే గుర్తు మినుకుమినుకుమంటోంది.

"ఈడనే ఆగిండా?"

ఔనన్నాను. నన్నే ఆర్పమంటుందనుకున్నాను.

"నాయనకు చెప్పకు తమ్మీ," అని తనే స్విచ్చి నొక్కింది. లోపలి ఫ్యాను ఆగేదాకా డబ్బా మీద చెయ్యి తీయలేదు. తర్వాత కూర్చుని తోక మళ్లీ గీసింది.

శనివారం పొద్దున తలుపు దగ్గరే ఆగి నన్ను చూసి రమ్మంది. తోక ఉందని చెప్పాను. సేఠ్ కూడా చూసి, కుర్చీ ఇక లలితదే అన్నాడు. లలిత చాలాసేపు లోపలికి రాలేదు, గడప దగ్గరే నిలబడి ఆగిపోయిన అన్న మిషన్ వైపు చూస్తోంది.