పెళ్ళిచూపుల ల్యాప్‌టాప్‌కి నా వైద్యం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఒక్కటీ ఉండేది కాదు. ఉన్నా ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. చాండ్లర్‌లో అపార్ట్‌మెంట్, నలభై దాటాక దొరికిన మొదటి అమెరికా ఉద్యోగం, భార్యాపిల్లలు వీసా కోసం ఇంకా హైదరాబాద్‌లోనే. ఆ లెక్కన నేను కుర్రాణ్ణే. పక్క గదిలో మా తమ్ముడు (తోడబుట్టినవాడు కాదు, వంటలో వంతు పంచుకున్న వరంగల్ పిల్లవాడు). థాంక్స్‌గివింగ్ సేల్‌లో చలికి వణుకుతూ క్యూలో నిలబడి ఇద్దరం ఒకే మోడల్ ల్యాప్‌టాప్‌లు కొన్నాం. ఒక శుక్రవారం సాయంత్రం వాడి దానికి వైరస్ పట్టింది. మర్నాడు పొద్దున వెబ్‌క్యామ్‌లో పెళ్ళిచూపులు! అంతకుముందు వచ్చిన సంబంధాలన్నీ ఫోన్‌లో వీడి నోరు పెగలక తప్పిపోయాయి.

“అన్నా, ఇది గూడ పోతే మా అమ్మ నన్ను ఇంట్లకు రానియ్యదే. ఎట్లన్న జేసి బాగుచెయ్యి!”

“కంప్యూటర్‌ని ఉన్నదున్నట్టు ఒక ఫైల్‌లో దాచి, పాడైనప్పుడు మళ్ళీ దించే టూల్స్ ఉంటాయిరా. దాన్నే ఇమేజ్ అంటారు. అలాంటివి ఏడింటిని పోల్చి చూశాను,” అన్నాను. (ఏడు కాదు, మూడు. మూడూ కాదు, రెండు. అందులో ఒకటి సీడీలోంచి లేవనేలేదు. కాబట్టి రెండోది గెలిచింది.) వేగం, సైజు, నమ్మకం అంటూ ఉపన్యాసం దంచాను. తీరా చూస్తే వాడు ఇమేజ్ తీసి పెట్టుకోలేదు. నా ల్యాప్‌టాప్‌ది నా దగ్గరుంది. ఒకే మోడల్ కదా! వాడి సి డ్రైవ్ మీదికి నాదే దించేశాను. బిర్యానీ ఉడికేలోపు విండోస్ లేచి కూర్చుంది.

పొద్దున మెసెంజర్ తనంతట తానే తెరుచుకుంది. ఎవరి పేరుతో తెరుచుకుందో చూడకుండా తమ్ముడు కంగారుగా పెళ్ళికూతురి అన్న ఐడీ కొట్టి కాల్ చేశాడు. వీడియో కంటే ముందు అవతలికి నా ప్రొఫైల్ ఫొటో వెళ్ళింది: ట్యాంక్‌బండ్ మీద నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు.

“బాబూ, పెండ్లిచూపులన్నరు. ఈ పిల్లలెవలు?” అంది స్పీకర్లోంచి పెళ్ళికూతురి నాన్న గొంతు.

తమ్ముడు నా వైపు చూశాడు. నేను వంటింటి వైపు చూశాను.

“అంకుల్, ఆయన మా అన్న! కంప్యూటర్‌కి వైరస్ వచ్చిందంటే, బాగుచేస్త అని తన సంసారం మొత్తం ఇందులకు ఎక్కించిండు!”

అటువైపు ఫక్కున ఒక ఆడపిల్ల నవ్వు. “మరి మీ సంసారం ఎక్కియ్యడానికి జాగ ఉన్నదా, డిస్క్ నిండిందా?”

“లేదండీ, ఇప్పుడే అన్నను తుడిచేస్త!”

ఇక వాడి నోరు మూతపడలేదు. వేసవిలో పెళ్ళి కూడా అయిపోయింది.

వాడి భయం పోగొట్టడానికే కావాలని నా ఇమేజ్ దించానని ఇన్నేళ్ళుగా అందరికీ చెప్పుకుంటున్నాను. నిజానికి పిల్లలెవరని ఆయన అడిగిన దగ్గర్నుంచీ ఆ సంభాషణ సాగినంతసేపూ నేను ఫ్రిజ్ తలుపు తెరిచి దాని వెనక నక్కి ఉన్నాను. ఇప్పుడు ఫోన్ మొరాయిస్తే చప్పుడు చేయకుండా మనవరాలి చేతిలో పెడతాను. కానీ ఆ ఫ్రిజ్ చలిలో వణుకుతూ, అమ్మాయి నవ్వు వినపడగానే, పెళ్ళికి ఏ చొక్కా వేసుకోవాలా అని ఆలోచించడం మొదలుపెట్టిన ఆ మనిషిని తలుచుకుంటే, నాకు ఇప్పటికీ కాస్త అసూయే.