అరచేతికి తెలిసిన రాయి

పదేళ్లు డ్రిల్లింగ్ మిషన్ పట్టుకుంటే ఎవరి చెవులు మాత్రం మిగులుతాయి? కుప్పం దగ్గరి బంగారు గనిలో నా చెవులు పోయాయి. ఎదురుగా నిలబడి అరిస్తే తప్ప వినపడేది కాదు. పైవాళ్లకు తెలిస్తే పని పోతుందని నా బావమరిది ఒక్కడికే చెప్పుకున్నాను. పుంగనూరు నుంచి వాణ్ణి తెచ్చి గనిలో పెట్టించింది నేనే.

గనిలో రాయి తవ్వేటప్పుడు కప్పు కూలకుండా మధ్యమధ్య లావాటి స్తంభాలు వదిలేస్తాం. మిషన్ పెట్టే ముందు ఒకడు గడ్డపారతో కప్పును కొట్టి వింటాడు. ఖంగుమంటే గట్టి రాయి, డొల్లగా పలికితే విడిపోయిన రాయి. మా జంటలో వినడం నా బావమరిది వంతు, ఆ కప్పు కింద నిలబడి బెజ్జం వేయడం నా వంతు. వాడు సరేనంటే నేను పైకి కూడా చూసేవాణ్ణి కాదు.

తొంభైలు ముగిసేసరికి గని మూసేస్తారని తేలిపోయింది. పోయేముందు ఆ స్తంభాల్లోని బంగారు రాయి కూడా తీసేయమన్నారు. మరి కప్పు దేన్ని పట్టుకుని నిలబడాలట? అడిగిన నాథుడు లేడు.

ఆ రోజు మా వంతుకు ఒక స్తంభం వచ్చింది. అక్కడ కప్పు తలకు తగిలేంత కిందికి ఉంది. ఆసరా కోసం దానికి అరచెయ్యి ఆనించాను. అదే సమయానికి వాడు గడ్డపారతో కొట్టాడు. రాయి నా చేతికింద వణికింది. గట్టి రాయి అలా వణకదు.

"గట్టిగా ఉండాది బావా! కానియ్, టైమైపోతాంది" అని అరిచాడు.

గడ్డపార లాక్కుని, వాడి చేతిని కప్పుకు అదిమిపెట్టి నేనే కొట్టాను. వాడు తల దించుకున్నాడు.

"యాలరా అబద్ధం చెప్పినావు?"

"ఈ స్తంభం తీసేస్తే నన్ను కర్ణాటకలో ఇంకో గనికి పంపిస్తామని సూపర్‌వైజర్ చెప్పినాడు. పడదులే అనుకుంటి బావా" అని నా మొహమ్మీదే అరిచాడు.

పడదులే అనుకున్నాడట! నా తల పణంగా పెట్టి అనుకున్నాడు, దొంగ వెధవ. ఒళ్లు మండిపోయింది. మిషన్ అక్కడే పడేసి పైకొచ్చేశాను.

కప్పు విడిపోయిందని సూపర్‌వైజర్‌కు చెప్పాను. ఆయన నా వెనకే పైకొచ్చిన వాడి వైపు తిరిగాడు. వాడు నాకు వీపు తిప్పి ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. సూపర్‌వైజర్ మాత్రం నా చెవుల వంక చూశాడు.

మర్నాటి నుంచి నన్ను గనిలోకి దింపలేదు. మూడోరోజు ఆ కప్పు దానంతటదే కూలింది. కింద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. స్తంభం తీయకపోయినా వాడు కర్ణాటక వెళ్లాడు.

వాళ్లక్కను చూడటానికి ఇప్పటికీ మా ఇంటికొస్తాడు. నా ఎదురుగా నిలబడి "బాగుండావా బావా" అని గొంతు చించుకుని అరుస్తాడు. నాకు బాగానే వినపడుతుంది. వినపడనట్టే కూర్చుంటాను.