తెగిందన్న బెల్టు

నా చిన్నప్పుడు నాకు తెలివి ఎక్కువని మా ఇంట్లో అనుకునేవారు. అలా అనుకున్నవాళ్ళలో మొదటివాణ్ణి నేనే. ఆ తెలివితోనే ఒకరోజు మా తాతయ్యను నలుగురిలో అబద్ధాలకోరుగా నిలబెట్టాను. అదీ చావింట్లో, శవపెట్టె వాకిట్లో ఉండగా. నలభై నిండకుండానే ‘నా చిన్నప్పుడు’ ఏంటండీ అని మా ఆవిడ వెక్కిరిస్తుంది గానీ, చావు ఇళ్ళ వెంట తిరిగి పెరిగినవాడికి పెద్దరికం కాస్త ముందే వస్తుంది.

మా తాతయ్య హార్మోనియం వాయించేవారు. పెళ్ళిళ్ళకు కాదు, భూస్థాపనలకు. గుండుగొలను నుంచి కొల్లేటి అంచు దాకా ఆర్‌సీఎం కుటుంబాల్లో, అంటే రోమన్ కేథలిక్కుల్లో, ఎవరు పోయినా మొదటి కబురు ఫాదర్ గారికి, రెండో కబురు మా ఇంటికి. ఇంటి దగ్గర జపమాల చెప్పేటప్పుడు, గుడిలో పూజప్పుడు, అక్కణ్ణించి సమాధుల దొడ్డి దాకా దారి పొడుగునా ఆయన వాయిస్తూ పాడాలి. నడుస్తూ వాయించడానికి హార్మోనియానికి ఒక తోలు బెల్టు ఉండేది. రెండు పక్కల కొక్కేలకూ తగిలించి మెడలో వేసుకునేవారు. “ఊరేగింపులో రెండు పెట్టెలుంటాయిరా. ముందుదానికి నలుగురు, వెనకదానికి నేనొక్కణ్ణే” అని నవ్వేవారు. ఆయనకు ఉన్న గర్వమల్లా ఒక్కటే. తను వాయించిన ఏ ఊరేగింపూ తగువుతో ఆగిపోలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, వేసవి సెలవులు. కొల్లేటి వైపు ఒక ఊళ్ళో ఒక పెద్దావిడ పోయారు. తాళాలు వాయించడానికి నేనూ వెళ్ళాను. తాళం తప్పినా ఏడుపుల్లో వినపడదన్న ధైర్యంతో నన్ను తీసుకెళ్ళేవారనుకుంటాను.

ఆవిడకు ఇద్దరు కొడుకులు. ఇద్దరివీ పక్కపక్కనే చేపల చెరువులు. మధ్యలో ఒక తూము. ఆ తూము ఎవరు ఎప్పుడు ఎత్తాలన్న దాని మీద మొదలై, అన్నదమ్ములు నాలుగేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. ఆ ఊరికి నీళ్ళ కరువు లేదు గానీ, ఆ రెండిళ్ళ మధ్య మాత్రం చుక్క పారేది కాదు.

పెట్టె ఎత్తే వేళకి తగువు వచ్చింది. తమ్ముడు ముట్టుకుంటే పెట్టె లేవనివ్వనన్నాడు అన్న. “వాణ్ణి అవతలికి పొమ్మనండి, అప్పుడే ఎత్తుతాను.” తమ్ముడు వెనక్కి తిరిగాడు. మెట్లు దిగి చెప్పులు తొడుక్కున్నాడు. అతను గేటు దాటితే తల్లి మీద పిడికెడు మట్టి వెయ్యకుండానే మిగిలిపోతాడు. ఆ సంగతి వాకిట్లో అందరికీ తెలుసు. ఎవరూ కదల్లేదు. అవతల గుడిలో ఫాదర్ గారు ఎదురుచూస్తున్నారు.

అప్పుడు మా తాతయ్య హార్మోనియం కింద పెట్టి, గేటు దగ్గరికి వెళ్ళి తమ్ముడి ఎదురుగా నిలబడ్డారు.

“ఏవండీ, పెట్టె సంగతి మనవలు చూసుకుంటారు గానీ, నాకో ఇబ్బంది వచ్చిపడిందండి. నా బెల్టు తెగిపోయింది. దారంతా పాట ఆగకూడదని అమ్మగారు బతికుండగానే నాతో చెప్పారు. మీరో పక్కా, అన్నయ్యగారో పక్కా పట్టుకుంటే వాయిస్తానండి. అమ్మగారి పాటని పరాయివాళ్ళ చేత మోయిస్తే బాగోదు కదండీ.”

అతను చెప్పులు విడిచి వెనక్కి వచ్చాడు. ఇద్దరూ చెరో పక్కా పట్టుకున్నారు. ఒకాయన కొబ్బరిచెట్టు వైపు, ఒకాయన గోడ వైపు చూస్తున్నారు. హార్మోనియం లేచింది.

సరిగ్గా అప్పుడే నా తెలివి కూడా లేచింది. హార్మోనియం మీద కప్పే గుడ్డ మడతలో బెల్టు కనపడింది. నిగనిగలాడుతోంది, చిన్న చీలిక కూడా లేదు. పాపం తాతయ్య పెద్దవారైపోయారు, చూపు ఆనడం లేదు అనుకున్నాను. స్కూల్లో గెలుచుకున్న కప్పులా దాన్ని పైకెత్తి పరుగెత్తాను.

“తాతయ్యా! బెల్టు దొరికింది! తెగలేదు!”

ఏడ్చేవాళ్ళు కూడా ఆగిపోయారు. తమ్ముడు చెయ్యి వదిలేశాడు. హార్మోనియం ఒక పక్కకి ఒరిగి మూలిగింది. అన్న మొహం ఎర్రబడింది. “ఏంటండీ మాస్టారూ, శవం దగ్గర నాటకాలా?”

మా తాతయ్య తల దించుకోవడం నేను అదే మొదటిసారి చూశాను. “దొరికిపోయానండి” అన్నారు. “అబద్ధమే చెప్పాను. తల్లి వాకిట్లో ఉండగా కొడుకు గేటు దాటడం చూడలేకపోయాను. తిట్టండి, పడతాను. పాట సంగతి మాత్రం అబద్ధం కాదు.”

అప్పటిదాకా పెట్టె తల వైపు కూచుని ఏడుస్తున్న పెద్దావిడ చెల్లెలు, ముక్కు చీదుకుని, హఠాత్తుగా నవ్వింది.

“ఆయన్నేం అంటావురా పెద్దోడా? మా అక్క నాలుగేళ్ళు ఆడిన అబద్ధమూ ఇలాంటిదేగా! మజ్జిగ గిన్నె పట్టుకుని నీ ఇంటికొచ్చి ‘తమ్ముడు నిన్ను అడిగాడురా’ అనేది. వాడింటికెళ్ళి ‘అన్నయ్య నిన్ను అడిగాడురా’ అనేది. మీరిద్దరూ ఒక్కనాడైనా అడిగితేగా!”

అన్న తమ్ముడి వైపు తిరిగాడు. గోడ వైపే చూస్తున్న అతనితో, “నీకూ చెప్పేదా?” అన్నాడు. నాలుగేళ్ళ తర్వాత మొదటి మాట అది.

తమ్ముడు తలూపాడు. కళ్ళు తుడుచుకోవడానికి భుజం ఎత్తాడు గానీ, అది సరిపోలేదు.

“పట్టుకోరా” అన్నాడు అన్న.

మొదట్లో అడుగులు కలవలేదు. ఒకాయన ముందుకి, ఒకాయన వెనక్కి, మధ్యలో తాతయ్య వేళ్ళు పీతలా పక్కకి పాకుతున్నాయి. పాట కుంటింది. ఊరంతా వింటోంది. “గతుకుంది చూసుకో” అన్నాడు అన్న. “నువ్వు నెమ్మదిగా నడు” అన్నాడు తమ్ముడు. ఆ తూము దారి పక్కనే ఉంది. దాని వైపు ఇద్దరూ చూడలేదు. గుడి దగ్గరికి వచ్చేసరికి పాట తిన్నగా నడుస్తోంది. సమాధుల దొడ్డిలో రెండు పిడికిళ్ళ మట్టీ ఒకేసారి పడింది.

తూము తగువు తీరిపోయిందని చెప్పను. అది ఆ తర్వాత ఏలూరు కోర్టు దాకా వెళ్ళిందట. కానీ కోర్టుకి ఇద్దరూ ఒకే మోటారు సైకిల్ మీద వెళ్ళేవారట, దారి పొడుగునా తిట్టుకుంటూ. మా తాతయ్య ఈ కబురు చెప్పినప్పుడల్లా తనే ఆ మోటారు సైకిల్ కొనిచ్చినంత గర్వపడేవారు.

ఆ సాయంత్రం బస్సులో నేను ఏడుస్తుంటే ఆయన తిట్టలేదు. “వాళ్ళ తగువు తీర్చడానికి మనమెవరంరా? చావింట్లో చేతులు ఖాళీగా ఉంటే తగువు వాటిల్లోకి వచ్చి కూచుంటుంది. పట్టుకోవడానికి ఏదో ఒకటి ఇవ్వాలి, అంతే” అన్నారు. నా వల్ల పని చెడిందో, కుదిరిందో మాత్రం చెప్పలేదు.

తిట్టకపోయినా, వదిలిపెట్టలేదు. ఇంట్లో గరిటె కనపడకపోయినా, గొడుగు కనపడకపోయినా, “మన బెల్టుగాణ్ణి పిలవండి, వెతికి పెడతాడు” అనేవారు. మా బాబాయి దాన్ని తాడేపల్లిగూడెం చుట్టాల దాకా మోసుకెళ్ళాడు. ఆ పేరుతోనే నేను కాలేజీలో చేరే వయసుకి వచ్చాను.

ఆ దశాబ్దం చివర్లో మా తాతయ్య పోయారు. చివరి నెలల్లో ఆయన ఎవరింట్లో ఉండాలన్న దాని మీద మా నాన్నా బాబాయీ మాటలు మానేసి ఉన్నారు. ఇద్దరికీ తమ దగ్గరే ఉండాలని. వాకిట్లో ఒకరు ఈ అరుగు మీద, ఒకరు ఆ అరుగు మీద. అప్పటికి తాతయ్య దగ్గర హార్మోనియం నేర్చుకున్నవాణ్ణి కాబట్టి వాయించాల్సింది నేను. పెట్టె లేచే వేళకి హార్మోనియం తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టాను.

“బెల్టు కనపడ్డం లేదు నాన్నా” అన్నాను. “బాబాయ్, నువ్వో పక్క పట్టుకో.”

ఆ కథ తెలియనివాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. నాన్న నన్ను చూశారు. బాబాయి నన్ను చూశాడు. తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు. ఈసారి పరుగెత్తుకొచ్చి దొరికిందని అరిచేవాడు లేడు. ఇద్దరూ వంగారు.

ఇప్పటికీ నేను భూస్థాపనలకు బెల్టు లేకుండానే వెళ్తాను. ప్రతి వాకిట్లోనూ ముందుగా ఎవరి చేతులు ఖాళీగా ఉన్నాయో చూస్తాను. తాతయ్య ఇచ్చినదాంట్లో నేను మోసేది అదొక్కటే. మిగతాది వాళ్ళ చేత మోయిస్తాను.

తాతయ్య భూస్థాపన రోజు సమాధుల దొడ్డి దగ్గర ఆయాసపడుతూ బాబాయి నా చెవిలో అడిగాడు. “నిజం చెప్పరా బెల్టుగా, ఎక్కడ దాచావు?”

నేను పెట్టె వైపు చూశాను. ఇంటి దగ్గర మూత వేసేముందే, జపమాల సర్దుతున్నట్టు వంగి, బెల్టుని తాతయ్య తలగడ కింద పెట్టేశాను. ఇక ఆయనే వెతుక్కుంటారు.